పెరిగే నగరంలో అత్యవసర స్పందన: నిమిషాలను ఎక్కడి నుంచి ఎక్కడి దాకా లెక్కించాలి

(నగర ప్రణాళిక విద్యార్థులు, కాలనీ సంక్షేమ సంఘాల ప్రతినిధులు కలిసి ఏర్పాటు చేసుకున్న సభలో చేసిన ప్రసంగానికి లిఖిత రూపం)

అధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, కాలనీ సంఘాల తరఫున వచ్చిన అందరికీ, విద్యార్థులకు నమస్కారం.

ఆపదలో ఫోను చేస్తే పోలీసులూ, అగ్నిమాపక సిబ్బందీ ఎన్ని నిమిషాలకు వస్తున్నారు, నగరం పెరిగేకొద్దీ ఆ నిమిషాలు ఏమవుతున్నాయి అన్న విషయం మీద మాట్లాడమని నిర్వాహకులు కోరారు. మనందరం ఉంటున్న ఊరు కాబట్టి హైదరాబాదు గురించే మాట్లాడతాను.

2025 మే 18, ఆదివారం పొద్దున చార్మినార్ పక్కనున్న గుల్జార్ హౌజ్‌లో ఒక ఇల్లు అంటుకొని 17 మంది చనిపోయారు. వారిలో ఎనిమిది మంది పిల్లలు. ఉదయం 6 గంటల 16 నిమిషాలకు తమకు ఫోను వచ్చిందనీ, మొగల్‌పురా కేంద్రం నుంచి మొదటి శకటం కొద్ది నిమిషాల్లోనే చేరుకుందనీ అగ్నిమాపక శాఖ చెప్పింది. అంటే స్పందన సమయాల పట్టికలో ఆ ఉదయం నమోదైన అంకె ఏ నగరమైనా మెచ్చుకోదగినదే. అయినా 17 మంది పోయారు. కింద దుకాణాలు, పైన రెండు అంతస్తుల్లో కాపురాలు ఉన్న ఆ పాత కట్టడంలోకి వెళ్లడానికి సొరంగం లాంటి దారి ఒక్కటే ఉంది; దాని వెడల్పు రెండు మీటర్లు. అందులోంచి పైకి వెళ్లే మెట్ల వెడల్పు ఒక మీటరు. ఇద్దరు మనుషులు ఎదురెదురుగా వస్తే ఒకరు పక్కకు ఒత్తిగిలి నిలబడాల్సిన మెట్లు అవి. నిప్పు కింద పుట్టింది, పొగ ఆ మెట్ల మీదుగానే పైకి పోయింది, పైన పడుకున్నవారు కిందికి రావలసిన దారీ అదే, సిబ్బంది పైకి ఎక్కవలసిన దారీ అదే. చనిపోయినవారిలో ఎక్కువ మందిని తీసుకుపోయింది మంట కాదు, పొగ.

ఈ రోజు నేను చెప్పదలచుకున్న విషయం ఈ ఘటనలోనే ఉంది. ఫోను ఎత్తినప్పటి నుంచి బండి వీధిలో ఆగేదాకా పట్టిన సమయాన్ని మనం స్పందన సమయం అంటున్నాం. ఆపదలో ఉన్న మనిషికి మాత్రం లెక్క అంతకు ముందే, నిప్పు రాజుకున్నప్పుడే మొదలవుతుంది. బండి ఆగాక కూడా సాగుతూ, ఒక చేయి తన చేతిని అందుకున్నప్పుడే ముగుస్తుంది. మధ్యలోని ముక్కను మాత్రమే కొలిచి, దాన్ని మాత్రమే బాగుచేసుకుంటూ పోతే, అంకెలు ఎంత మెరుగైనా మనుషులు చనిపోతూనే ఉంటారు.

ఈ మొత్తం వ్యవధిని కొంచెం విడదీసి చూద్దాం. స్పాంజి సోఫాలు, పరుపులు, ప్లాస్టిక్ సామాను నిండిన నేటి గదిలో నిప్పు పుడితే, గదిలోని వస్తువులన్నీ ఒక్కసారిగా భగ్గుమనే దశ, అగ్నిమాపక భాషలో ఫ్లాష్‌ఓవర్ అనేది, నాలుగైదు నిమిషాల్లోనే రావచ్చు. చెక్క, నూలు ఎక్కువగా ఉన్న పాత ఇళ్లలో దీనికి చాలా ఎక్కువ సేపు పట్టేదని ప్రయోగాలు చేసి చూపించారు. గుండె ఆగిన మనిషి సంగతీ ఇంతే: ఛాతీ నొక్కుతూ చేసే ప్రథమ చికిత్స అందకపోతే, నాలుగు నుంచి ఆరు నిమిషాల్లో మెదడు దెబ్బతినడం మొదలవుతుంది. అయిదు నిమిషాలు అనే అంకె ఏదో కమిటీ ఊహించి పెట్టింది కాదు. శరీరమూ, నిప్పూ మనకు విధించిన గడువు అది.

ఆ అయిదు నిమిషాల్లో మొదటి వాటా ఫోను చేయకముందే పోతుంది. రాత్రిపూట నిద్రలో ఉన్నవారికి పొగ వాసన తెలిసేసరికే ఆలస్యమవుతుంది. మెలకువగా ఉన్నవారు కూడా ముందు బకెట్టు కోసం, మెయిన్ స్విచ్ కోసం పరుగెత్తుతారు, తర్వాత అన్నకో బావకో ఫోను చేస్తారు, ఆ తర్వాత గానీ 101 గుర్తు రాదు. ఇది ఎవరి తప్పూ కాదు. భయంలో మనిషి తనకు తెలిసినవాడినే పిలుస్తాడు. అందుకే పొగను పసిగట్టి మోగే చిన్న పరికరం పడకగది బయట ఉండటం, కొత్త ఫైరింజన్ కొనడం కంటే తక్కువ ఖర్చుతో ఎక్కువ నిమిషాలు మిగిలిస్తుంది. ఇన్ని అపార్టుమెంట్లు కట్టుకున్న మనం ఈ ఒక్క వస్తువును ఇంకా ఇంటి సామానుగా భావించకపోవడం నన్ను నిజంగా బాధపెడుతుంది.

రెండో వాటా చిరునామా దగ్గర పోతుంది. కంట్రోల్ రూమ్‌కు వచ్చే ఫోను ఎలా ఉంటుందో ఊహించుకోండి. "అన్నా, మా బిల్డింగ్ కింద మంటలు లేస్తున్నయి, జల్ది పంపండి." "ఎక్కడమ్మా?" "వాటర్ ట్యాంక్ దగ్గర అన్నా, వెంకటేశ్వర కాలనీ." "ఏ వెంకటేశ్వర కాలనీ అమ్మా, ఏ పోలీస్ స్టేషన్ కిందికి వస్తది?" ఆ ప్రశ్నకు జవాబు ఆమెకు తెలియదు. హైదరాబాదులో ఒకే పేరున్న కాలనీలు, నగర్‌లు లెక్కకు మించి ఉన్నాయి. అడ్డ గీతలూ వాలు గీతలూ నిండిన మన ఇంటి నంబర్లు ఒక వరుసలో నడవవు. పక్కపక్క ఇళ్లకు సంబంధం లేని నంబర్లు ఉంటాయి. పిజ్జా తెచ్చే కుర్రాడు నాలుగుసార్లు ఫోను చేసి వస్తాడు. ఫైరింజన్ డ్రైవరు కూడా అలాగే నాలుగుసార్లు అడగాల్సి వస్తే, ప్రతి సారికీ ఒక నిమిషం పోతుంది. వీధి మొదట్లో స్పష్టమైన బోర్డు, ప్రతి గేటు మీద చీకట్లో కూడా కనబడే నంబరు పెట్టడం కాలనీ సంఘాలు తలచుకుంటే నెల రోజుల్లో చేయగలిగిన పని.

ఇక ప్రయాణం. పత్రికలు ఎక్కువగా రాసేది దీని గురించే కాబట్టి దీనికున్న లెక్కను ఒకసారి జాగ్రత్తగా చూడాలి. గంటకు 30 కిలోమీటర్ల వేగంతో వెళ్లే శకటం అయిదు నిమిషాల్లో రెండున్నర కిలోమీటర్లు పోగలదు. కేంద్రం చుట్టూ ఆ వ్యాసార్ధంతో వృత్తం గీస్తే దాదాపు 20 చదరపు కిలోమీటర్ల ప్రాంతం దాని పరిధిలోకి వస్తుంది. ట్రాఫిక్ పెరిగి వేగం గంటకు 15 కిలోమీటర్లకు పడిపోతే దూరం సగమవుతుంది, కానీ పరిధి సగం కాదు, నాలుగో వంతవుతుంది; అంటే అయిదు చదరపు కిలోమీటర్లు కూడా ఉండదు. రోడ్లు వృత్తపు వ్యాసార్ధాల్లా నిటారుగా ఉండవు కాబట్టి అసలు పరిధి ఇంకా తక్కువ. అగ్నిమాపక కేంద్రం ఉన్నచోటే ఉంది, సిబ్బంది అంతే ఉన్నారు, బండి కూడా కొత్తదే కావచ్చు. అయినా చుట్టూ వాహనాలు పెరిగినందువల్ల ఆ కేంద్రం కాపాడగలిగే ప్రాంతంలో ముప్పావు భాగం దాని చేతిలోంచి జారిపోయింది. నగరం బయటికి పెరగడం అందరికీ కనిపిస్తుంది, లోపల ఇలా కుంచించుకుపోవడం ఎవరికీ కనిపించదు. కూడళ్లను మూసేసి యూటర్న్‌లు పెట్టినప్పుడు, రోడ్డు మధ్యలో పొడవాటి డివైడర్లు కట్టినప్పుడు మామూలు వాహనాల రద్దీ కొంత తగ్గి ఉండవచ్చు; ఎదురుగా కనిపించే ఇంటికి చేరడానికి శకటం కిలోమీటరు చుట్టి రావలసి వస్తోందా అన్నది కూడా ఆ నిర్ణయం తీసుకునే బల్ల మీద ఉండాలి. దారి ఇవ్వనివారికి పది వేల రూపాయల జరిమానా వేసే వీలు 2019లో మోటారు వాహనాల చట్టానికి చేసిన సవరణలో ఉంది. అయితే దారి ఇవ్వాలన్నా జరగడానికి చోటు లేని రోడ్డులో జరిమానా వల్ల ఒరిగేది తక్కువ.

బయటికి పెరగడం సంగతి చూద్దాం. 2007లో చుట్టుపక్కల 12 పురపాలక సంఘాలను పాత నగరపాలక సంస్థతో కలిపి జీహెచ్‌ఎంసీ ఏర్పాటు చేసినప్పుడు విస్తీర్ణం దాదాపు 625 చదరపు కిలోమీటర్లయింది. 2025 చివర్లో ఔటర్ రింగు రోడ్డు లోపలా, అంచునా ఉన్న మరో 27 పట్టణ స్థానిక సంస్థలను కలిపాక అది 2,000 చదరపు కిలోమీటర్లు దాటింది. పట్టణాల్లో పది చదరపు కిలోమీటర్లకు ఒక అగ్నిమాపక కేంద్రం ఉండాలనీ, మొదటి శకటం అయిదు నుంచి ఏడు నిమిషాల్లో చేరాలనీ జాతీయ స్థాయిలోని స్టాండింగ్ ఫైర్ అడ్వైజరీ కౌన్సిల్ ప్రమాణం పెట్టింది. ఆ లెక్కన ఈ ఒక్క నగరానికే 200 కేంద్రాలు కావాలి. తెలంగాణ మొత్తం మీద ఉన్నవే అంతకన్నా తక్కువ. శివార్లలో ఇంకా పొలాలూ, ఖాళీ లేఅవుట్లూ ఉన్నాయి కాబట్టి అన్నిచోట్లా అంత దగ్గర దగ్గరగా అవసరం లేదని వాదించవచ్చు, అందులో కొంత నిజం కూడా ఉంది. కానీ ఖాళీ లేఅవుటు పదేళ్లలో ఎలా మారుతుందో కొండాపూర్, మణికొండలను చూసినవారికి చెప్పనక్కరలేదు.

ఇప్పుడు అన్నిటికంటే తక్కువ చర్చ జరిగే భాగానికి వస్తాను. బండి ఆగిన చోటు నుంచి మనిషి దాకా పట్టే సమయం. గత కొన్నేళ్లలో ఈ నగరంలో జరిగిన పెద్ద అగ్ని ప్రమాదాలను వరుసగా చూడండి. 2022 మార్చి 23న బోయిగూడలోని తుక్కు గోదాములో 11 మంది బిహారు కార్మికులు చనిపోయారు. కింద సరుకు, పైన వారి పడకలు, దిగడానికి ఒకే ఒక ఇరుకు మెట్ల దారి. అదే ఏడాది సెప్టెంబరులో సికింద్రాబాదులో ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూమ్‌లో నిప్పు పుట్టి, పైనున్న లాడ్జిలో దిగిన ఎనిమిది మంది చనిపోయారు. 2023 మార్చిలో స్వప్నలోక్ కాంప్లెక్స్‌లో అయిదో అంతస్తులో చిక్కుకున్న ఆరుగురు యువతీయువకులు పొగకు ఊపిరాడక పోయారు. ఆ ఏడాది నవంబరులో నాంపల్లి బజార్‌ఘాట్‌లో కింద రసాయన డ్రమ్ములు నిల్వ చేసిన అపార్టుమెంటులో తొమ్మిది మంది. తర్వాత గుల్జార్ హౌజ్. చాలా వాటిలో కథ ఒక్కటే: మండే సరుకు కింద, మనుషులు పైన, మధ్యలో పొగగొట్టంలా పనిచేసే ఒక్క మెట్ల దారి. ఇవన్నీ నగరం నడిబొడ్డున, శకటాలు తొందరగానే చేరుకోగలిగిన చోట్ల జరిగినవి. అందుకే ఈ మరణాలను ప్రయాణ సమయం ఖాతాలో వేయడం న్యాయం కాదు. శ్వాస పరికరం వీపుకు తగిలించుకొని, చేతిలో గొట్టంతో, ఏమీ కనబడని పొగలో ఒక్కొక్క మెట్టూ తడుముకుంటూ ఎక్కే ఆ సిబ్బందికి ఒక్కో అంతస్తు ఎంత సమయం తింటుందో ఆలోచించండి. తాళం వేసిన టెర్రస్ తలుపు, ఇనుప గ్రిల్లు బిగించిన బాల్కనీ, మెట్ల మీద పేర్చిన చెప్పుల స్టాండ్లు, పాత కూలర్లు, ఇవన్నీ మనం చేతులారా పెట్టుకున్న నిమిషాలు.

చట్టంలోనూ ఇక్కడ ఒక పెద్ద ఖాళీ ఉంది. అగ్నిమాపక శాఖ నిరభ్యంతర పత్రం నివాస భవనాలకైతే 18 మీటర్ల ఎత్తు నుంచి, వాణిజ్య భవనాలకైతే 15 మీటర్ల నుంచి తప్పనిసరి. అంతకంటే పొట్టివైన మూడంతస్తుల ఇళ్లు, కింద దుకాణం పైన కాపురం ఉన్న కట్టడాలు, వేల సంఖ్యలో ఉన్న మామూలు అపార్టుమెంట్లు ఆ తనిఖీ పరిధిలోకే రావు. ఇంకో కొసన కోకాపేట, నానక్‌రాంగూడ వైపు 50 అంతస్తులు దాటిన టవర్లు లేచాయి. మన శాఖ దగ్గరున్న పెద్ద నిచ్చెన బండి, బ్రాంటో స్కైలిఫ్ట్, 54 మీటర్ల దాకా చేరగలదు; దానికి పైన నిచ్చెన మీద ఆశ పెట్టుకోవడానికి లేదు. అక్కడ ప్రాణాలు కాపాడేది ఆ భవనంలోని స్ప్రింక్లర్లు, నీళ్ల పంపులు, పొగ చొరబడని మెట్ల గది. పత్రం ఇచ్చిన రోజున అవన్నీ పనిచేస్తాయి. అయిదేళ్ల తర్వాత ఆ పంపు తిరుగుతోందో లేదో అడిగేవారు ఎవరు? కాలనీ సంఘాలవారు ఇంత మంది ఉన్నారు కాబట్టి ఒక్క మాట: మీ మెయింటెనెన్స్ లెక్కల్లో పెయింటుకూ, సీసీ కెమెరాలకూ ఇచ్చినంత ప్రాధాన్యం డీజిల్ పంపుకు ఇవ్వండి. నెలకోసారి దాన్ని నడిపించి, పై అంతస్తు గొట్టంలో నీళ్లు వస్తున్నాయో లేదో మీ కళ్లతో చూడండి.

పోలీసుల విషయంలో లెక్క కొంత వేరు. అన్ని ఫోన్లూ ఒక్క తరహావి కావు. దొంగతనం జరిగిపోయాక పొద్దున లేచి చూసుకొని చేసిన ఫోనుకు అయిదు నిమిషాల్లో వచ్చినా, పదిహేను నిమిషాల్లో వచ్చినా పెద్ద తేడా ఉండదు. 1970లలో అమెరికాలోని కాన్సాస్ సిటీ పోలీసు విభాగం దీని మీద విస్తృతమైన అధ్యయనం చేయించినప్పుడు, కారు నడిచే వేగం కంటే బాధితులు ఫోను చేయడానికి తీసుకునే సమయమే ఎక్కువ ఫలితాన్ని తేలుస్తోందని బయటపడింది. కానీ తలుపు అవతల భర్త కొడుతున్నాడని ఒక మహిళ గుసగుసగా చెప్పిన ఫోను, ఎవరో వెంబడిస్తున్నారని ఒక అమ్మాయి చేసిన ఫోను వేరు. ఆ రెండు రకాల ఫోన్లనూ ఒకే సగటులో కలిపి, నగరంలో సగటు స్పందన ఇన్ని నిమిషాలు అని ప్రకటిస్తే, ఆ అంకె ఏ ఒక్కరికీ ఏమీ చెప్పదు.

పోలీసు స్పందనలో నిమిషాలను ఎక్కువగా మింగేది సరిహద్దు. నగరం పెరిగేకొద్దీ 2003లో సైబరాబాద్, 2016లో రాచకొండ కమిషనరేట్లు ఏర్పడ్డాయి, పోలీస్ స్టేషన్ల పరిధులు పదేపదే మారాయి. పరిపాలనకు ఇది అవసరమే. కానీ 2019 నవంబరు 27 రాత్రి శంషాబాద్ దగ్గర హత్యాచారానికి బలైన యువ పశువైద్యురాలిని మనమెవరం మరచిపోలేదు. కూతురు ఇంటికి రాలేదని పోలీసుల దగ్గరికి వెళ్లిన ఆమె కుటుంబానికి ఇది మా పరిధి కాదన్న జవాబు ఎదురైంది; ఆ తర్వాత ఒక ఎస్సైనీ, ఇద్దరు హెడ్ కానిస్టేబుళ్లనూ సస్పెండ్ చేశారు. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్ష సంహితలోని 173వ సెక్షన్ ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు తీసుకోవాలి. ఈ సంగతి మీ ఇంట్లోని ప్రతి ఒక్కరికీ తెలియాలి, ముఖ్యంగా ఆడపిల్లలకు. అన్ని సేవలకూ కలిపి 112 అనే ఒక్క నంబరు మన రాష్ట్రంలో 2019లోనే మొదలైంది. అయినా మనలో చాలామంది ఇంకా 100, 101, 108 అంటూ విడివిడిగానే తలచుకుంటున్నాం. 2005 ఆగస్టు 15న 108 ఈ నగరంలోనే పుట్టింది. అంబులెన్సు అంటే ఎవరో పుణ్యాత్ములు పంపే బండి అన్న భావన పోయి, ఫోను చేస్తే రావలసిన హక్కు అన్న నమ్మకం ఊరూరా కలిగింది దానితోనే. 112కు కూడా అంత నమ్మకం రావాలి.

సగటు సంగతి వచ్చింది కాబట్టి విద్యార్థులకు ఒక చిన్న లెక్క. పది ఫోన్లలో తొమ్మిదింటికి ఆరు నిమిషాల్లో, ఒకదానికి 36 నిమిషాల్లో బండి చేరిందనుకోండి. సగటు తొమ్మిది నిమిషాలు. వినడానికి పరవాలేదు. ఆ పదో ఇల్లు ఎక్కడుందో ఆ సగటు చెప్పదు, సాధారణంగా అది కొత్తగా కలిసిన శివారులోనో, బండి దూరలేని బస్తీలోనో ఉంటుంది. అందుకే అమెరికాలో అగ్ని భద్రతా ప్రమాణాలు రూపొందించే ఎన్‌ఎఫ్‌పీఏ అనే సంస్థ పెట్టిన ప్రమాణం సగటును అడగదు. గంట మోగాక సిబ్బంది తయారై బయలుదేరడానికి 80 సెకన్లు, మొదటి శకటం ప్రయాణానికి 240 సెకన్లు, ఇవి నూటికి 90 సందర్భాల్లో నెరవేరాయా అని అడుగుతుంది. లండన్ అగ్నిమాపక దళం మొదటి శకటం సగటున ఆరు నిమిషాల్లో చేరాలన్న లక్ష్యంతో పాటు నూటికి 90 సార్లు పది నిమిషాల్లోపు చేరాలన్న లక్ష్యాన్నీ పెట్టుకొని, ఆ అంకెలను ప్రాంతాల వారీగా ప్రజల ముందు పెడుతుంది. 2022 ఆగస్టులో బంజారాహిల్స్‌లో ప్రారంభమైన పోలీసు కమాండ్ కంట్రోల్ కేంద్రం ఉన్న నగరానికి ఈ సమాచారం సేకరించడం అసాధ్యం కాదు. ప్రతి వార్డులో నూటికి 90 ఫోన్లకు ఎన్ని నిమిషాల్లో మనిషి చేరాడు అన్నది మూడు నెలలకోసారి ప్రకటించమని మనం అడగాలి. చేరిన సమయాన్ని సిబ్బంది తెర మీద నొక్కిన బటన్ నుంచి కాకుండా బండిలోని జీపీఎస్ నుంచి తీసుకోమని కూడా అడగాలి. ఇది వారి మీద అనుమానంతో అడిగేది కాదు. ఉన్న నలుగురితో పదిమంది పని చేస్తున్న కేంద్రం తన కష్టాన్ని చూపించుకోవడానికి నమ్మదగిన అంకె కంటే మంచి సాక్ష్యం లేదు.

చివరగా స్థలం గురించి. 2023 ఆగస్టులో కోకాపేట నియోపొలిస్ వేలంలో ఎకరం వంద కోట్ల రూపాయలు దాటింది. అంత ధర పలికిన చోట టవర్లు నిండిన తర్వాత అగ్నిమాపక కేంద్రానికి అరెకరం కొనమంటే ఏ ప్రభుత్వమైనా వెనకాడుతుంది, అప్పుడు కేంద్రం చవక భూమి దొరికిన చోటికి, అంటే అవసరమైన చోటికి దూరంగా పోతుంది. వేలానికి ముందు ఆ భూమి మొత్తం ప్రభుత్వానిదే. పార్కుకు, రోడ్డుకు గీత గీసినట్టే, వేలం నోటిఫికేషన్ రాకముందే ఒక అగ్నిమాపక కేంద్రానికీ, ఒక పోలీస్ స్టేషన్‌కూ, రెండు అంబులెన్సులు నిలిచే చోటుకూ గీత గీయవచ్చు. కొత్తగా కలిసిన పురపాలక ప్రాంతాలకు మాస్టర్ ప్లాన్ తయారవుతున్నప్పుడు అభ్యంతరాలూ, సూచనలూ తెలపడానికి గడువు ఇస్తారు. సాధారణంగా ఆ గడువులో వెళ్లి మాట్లాడేది భూముల యజమానులే. ఈసారి మీ కాలనీ సంఘాల తరఫున, మీ ప్రాంతం పటంలో సమీప కేంద్రం నుంచి అయిదు నిమిషాల పరిధిని గీసి, దాని బయట పడిన కాలనీల పేర్లు రాసి, ఆ దరఖాస్తు గడువు లోపల ఇవ్వండి. పటం గీయడంలో సాయం కావలసినవారికి ఇక్కడున్న విద్యార్థులు చేసిపెడతామని ముందుకొచ్చారు. సభ అయ్యాక మీ కాలనీ పేరు, సర్కిల్ పేరు వారి దగ్గర రాయించండి.